కటురస విచారం: తర్కసంగ్రహం, శరీరధర్మశాస్త్రం

గుంటూరు మిరప యార్డులో బస్తాలు దించే వేళ అడుగుపెట్టినవారికి తుమ్ము, దగ్గు, కంటనీరు తప్పవు. గుంటూరు, ప్రకాశం జిల్లాలలో ఎండుమిరప తొడిమలు తీసే స్త్రీల చేతులు పని ముగిసిన తరువాత కూడా చాలాసేపు మండుతూనే ఉంటాయి. ఈ రెండు అనుభవాలలోను నాలుకకు ప్రమేయం లేదు. అయినను శాస్త్రాలు కటువును షడ్రసాలలో చేర్చాయి. నాలుక లేకుండానే తెలిసే గుణం రసం ఎట్లా అవుతుందని తర్కసంగ్రహ పాఠంలో విద్యార్థి ప్రశ్నిస్తే, అది ఉపేక్షించదగిన ప్రశ్న కాదు.

17వ శతాబ్దికి చెందిన ఆంధ్రుడు అన్నంభట్టు రసనేంద్రియగ్రాహ్యమైన గుణమే రసమని నిర్వచించి, మధుర, అమ్ల, లవణ, కటు, కషాయ, తిక్త భేదాలతో దానిని ఆరు విధాలుగా విభజించాడు. రసనేంద్రియం జిహ్వాగ్రంలోను, ఘ్రాణేంద్రియం నాసాగ్రంలోను ఉంటాయని, త్వగింద్రియం మాత్రం సర్వశరీరవర్తి అని అతని సిద్ధాంతం. ఈ చివరి మాట ప్రస్తుత చర్చకు కీలకం.

ఆధునిక శరీరధర్మశాస్త్రం ప్రకారం, లాలాజలంలో కరిగిన పదార్థాలు నాలుక మీద, అంగిలి మీద ఉన్న రుచిమొగ్గలను చేరుతాయి. వాటిలోని గ్రాహకాలు తీపి, పులుపు, ఉప్పు, చేదులతో పాటు, 1908లో జపాను శాస్త్రజ్ఞుడు ఇకెడా గుర్తించిన ఉమామి రుచిని గ్రహిస్తాయి. ఈ గ్రహణం నాలుక కొనకే పరిమితం కాదు. వాసనను పట్టే కణాలు నాసికాకుహరం పైభాగంలో ఉంటాయి. మానవునిలో వాటి గ్రాహకాలు సుమారు 400 రకాలు. ఆహారం నమిలేటప్పుడు వాసన గొంతు వెనుక నుండి కూడా అక్కడికి చేరుతుంది. అందువల్లనే జలుబు చేసినవానికి గోంగూర పచ్చడిలో పులుపు, కారం తెలుస్తాయి గాని గోంగూర పరిమళం తెలియదు. పులుపు నాలుకకు, పరిమళం ముక్కుకు విషయాలు. కారం ఈ రెండింటిలో దేనికీ చెందదు.

మిరపలో కారానికి కారణం కాప్సైసిన్. కాయలో గింజలు అంటిపెట్టుకొని ఉండే తెల్లని పొరలో అది అధికం. అది రుచిమొగ్గలను కాక, వేడిని, నొప్పిని తెలిపే నాడుల కొనలను ప్రేరేపిస్తుంది. ఆ గ్రాహకాన్ని డేవిడ్ జూలియస్ బృందం 1997లో వెల్లడించింది. 2021లో ఆయన ఆర్డెం పటపూటియన్‌తో కలిసి నోబెల్ బహుమతి పొందాడు. సుమారు 43 డిగ్రీల సెంటీగ్రేడు మించిన వేడికి స్పందించేది కూడా ఆ గ్రాహకమే. నోరు, ముక్కు, కళ్ళలో కలిగిన ఆ ప్రేరణను త్రిధార నాడి మెదడుకు చేరవేస్తుంది. కాబట్టి కారాన్ని 'మంట' అనడం అలంకారమాత్రం కాదు. కాప్సైసిన్ నీటిలో దాదాపు కరగదు గనుక నీళ్ళు తాగినంత మాత్రాన మంట ఆరదు. నెయ్యి, పాలు, పెరుగు దానిని తగ్గిస్తాయి.

ఈ ధర్మం ప్రాచీనుల దృష్టికి రాకపోలేదు. కటురసం నాలుకను పొడిచినట్లు బాధించి, దహిస్తూ, నోరు, ముక్కు, కళ్ళ నుండి స్రావం కలిగిస్తుందని చరకసంహిత సూత్రస్థానం వర్ణించింది. మిరప అమెరికా ఖండం నుండి పోర్చుగీసువారి ద్వారా 16వ శతాబ్దిలో మన దేశానికి వచ్చింది. ప్రాచీన వైద్యులు ఎరిగిన కటుద్రవ్యాలు శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు. మిరియాలలోని పైపెరిన్ కూడా అదే గ్రాహకాన్ని ప్రేరేపిస్తుంది గనుక ఆ వర్ణన మిరపకు కూడా చక్కగా అన్వయిస్తుంది.

అయితే కారాన్ని ఉష్ణస్పర్శ అని నిర్ణయించవచ్చునా? న్యాయమతంలో ఉష్ణస్పర్శ తేజస్సుకే గుణం. మిరపకాయ పార్థివం, దాని స్పర్శ అనుష్ణాశీతం. లేని వేడి ఉన్నట్లు తోచడం అయథార్థానుభవం. నేటి శాస్త్రం చెప్పేదీ ఇదే: కాయలో వేడి లేదు, వేడిని తెలిపే ద్వారం మాత్రం తెరుచుకొంటున్నది. త్వక్కు సర్వశరీరవర్తి గనుక నాలుక మీద, కంటిలో, చేతిలో ఆ మంట ఒక్కటే.

కావున కటువును రసాలలో చేర్చడం ఆహారద్రవ్యాల ఫలితాన్ని బట్టి వైద్యునికి ఉపయుక్తమైన విభాగం. ఇంద్రియాన్ని బట్టి చూస్తే అది త్వక్కుకు విషయం. అన్నంభట్టు గణనను దిద్దవలసి వచ్చినా, దిద్దుబాటుకు కావలసిన నిర్వచనాలు అతని గ్రంథంలోనే ఉన్నాయని విద్యార్థికి చూపడం అధ్యాపకుని విధి.