కట్టర్ హెడ్ మార్చిన తరువాత ప్లేనర్ మొరాయిస్తే...

కోలారు జిల్లా సరిహద్దు గ్రామాలలో వడ్రంగం రెండు భాషలలో సాగుతుంది. అటు ముళబాగిలు నుంచి పలమనేరు వరకు, ఇటు బంగారుపేట నుంచి కుప్పం వరకు ఒకే ఇంట చిత్రిక అన్న మాటా, కీసుళి అన్న మాటా వినిపిస్తాయి. ఆ చేతి పనిముట్టు చేసే పనిని నేడు అనేక దుకాణాలలో విద్యుత్తుతో నడిచే ప్లేనర్ చేస్తోంది. ఇటీవల కొందరు వడ్రంగులు తమ పాత ప్లేనర్లకు స్పైరల్ కట్టర్ హెడ్ బిగించుకుంటున్నారు.

పాత హెడ్‌కు రెండు లేక మూడు పొడవాటి కత్తులు ఉంటాయి. కొత్తదానిలో చిన్న చిన్న చదరపు కార్బైడ్ బిళ్ళలు మెలికలు తిరిగిన వరుసలలో అమరి ఉంటాయి. ఒక్కొక్క బిళ్ళకు నాలుగు అంచులు. ఒక అంచు మొద్దుబారితే స్క్రూ వదులు చేసి బిళ్ళను తిప్పుకోవచ్చు. శ్రీనివాసపురం తోటల ముదురు మామిడి, పనస, వేప వంటి చెక్కలలో నార ఎదురెదురుగా తిరిగి ఉన్నచోట పాత కత్తులకు పెచ్చులు లేస్తాయి. కొత్త హెడ్‌తో ఆ బాధ చాలా తగ్గుతుంది, శబ్దమూ తగ్గుతుంది.

అయితే బిగించిన మొదటి రోజే చెక్కపై గీతలు పడవచ్చు, చెక్క ముందుకు కదలకపోవచ్చు, మోటారు మూలగవచ్చు. గృహప్రవేశ ముహూర్తం దగ్గరపడి, తలుపుల పని ఒప్పుకున్న వేళ ఇట్లా జరిగితే కొన్న చెక్క పాడవుతుంది, మాట పోతుంది. హెడ్ నాసిరకమని తలచి పాత కత్తులు మళ్ళీ బిగించేవారూ ఉన్నారు. కాని చాలా సందర్భాలలో దోషం కొత్త హెడ్‌ది కాదు. యంత్రంలోని మిగిలిన భాగాలన్నీ ఇంకా పాత హెడ్ కొలతకే అమరి ఉండడమే అసలు కారణం.

కోత వలయం మారుతుంది

హెడ్ తిరిగేటప్పుడు అంచులు గీసే వలయాన్ని కోత వలయం అనవచ్చు. కొత్త హెడ్ కోత వలయపు వ్యాసం 1 మిల్లీమీటరు తక్కువైతే, థిక్‌నెస్ ప్లేనర్‌లో కోత అర మిల్లీమీటరు పైకి జరుగుతుంది. చెక్కను లాగే రోలర్లు, పొట్టును విరిచే పట్టీ, చెక్కను అదిమి ఉంచే పట్టీ, మందం చూపే స్కేలు మాత్రం ఉన్నచోటనే ఉంటాయి. అందుచేత హెడ్ మార్చినప్పుడు వీటన్నిటినీ తిరిగి సరిచూడవలసిందే.

చేయి పెట్టే ముందు మెయిన్ స్విచ్ ఆపి, ప్లగ్గు ఊడదీయాలి. మోటారు ఆపినంత మాత్రాన చాలదు. చేతితో హెడ్ తిప్పేటప్పుడు కూడా బిళ్ళల అంచులు వేలిని కోయగలవు.

గీతలు పడితే

చెక్క పొడవునా ఒకేచోట ఉబ్బెత్తు గీత వస్తే, అక్కడి బిళ్ళ అంచు పెచ్చు ఊడిందని అర్థం. పల్లపు గీత వస్తే బిళ్ళ పైకి లేచి ఉందని అర్థం. దాని అడుగున పొట్టు చిక్కుకోవడం ఇందుకు సాధారణ కారణం. గీత చెక్క అంచు నుంచి ఎంత దూరంలో ఉందో కొలిచి, హెడ్‌పై అదే స్థానంలోని బిళ్ళలను వెతకాలి. బిళ్ళను తీసి, అది కూర్చునే గాడిని, స్క్రూ మరను శుభ్రంగా తుడిచి తిరిగి బిగించాలి. తయారీదారు చెప్పిన బిగింపునకు టార్క్ రెంచి వాడడం మేలు. అతిగా బిగిస్తే కార్బైడ్ పగలవచ్చు.

చెక్క కదలకపోతే, మందం తేడా వస్తే

ఒకే ఎత్తు గల రెండు చెక్క దిమ్మెలను బల్లపై హెడ్ రెండు కొసల కింద ఉంచాలి. హెడ్‌ను చేతితో మెల్లగా తిప్పుతూ, బిళ్ళ అంచు దిమ్మెను తాకీ తాకనట్లు ఉండే వరకు బల్లను పైకి తేవాలి. రెండు కొసలా ఒకే విధంగా తాకాలి. ఒకవైపు ముందే తాకితే పలక ఒక అంచు మందంగా, రెండవ అంచు పలుచగా వస్తుంది. బేరింగ్ దిమ్మ కింద మురికి ఉన్నదేమో అప్పుడు చూడాలి.

ఆ తరువాత రోలర్లు. చెక్కను లోపలికి లాగే రోలరు కోత వలయం కంటే కొద్దిగా కిందికి ఉండాలి. చాలా యంత్రాలలో ఇది అర మిల్లీమీటరు నుంచి 1 మిల్లీమీటరు వరకు ఉంటుంది. యంత్రపు పుస్తకంలోని కొలతే ప్రమాణం. రోలరు ఎక్కువ పైకి ఉంటే చెక్క కదలదు. ఎక్కువ కిందికి ఉంటే పలక కొసలలో గుంట పడుతుంది.

సర్ఫేస్ ప్లేనర్ అయితే వెనుక బల్ల కోత వలయపు పైఅంచుతో సమంగా ఉండాలి. బల్ల కిందికి ఉంటే పలక చివర గుంట పడుతుంది. పైకి ఉంటే పలక బల్ల అంచుకు తగిలి ఆగుతుంది.

మోటారు మూలిగితే

పాత కత్తులు ఒకదాని తరువాత ఒకటి చెక్కను తాకేవి. కొత్త హెడ్‌లో ఎప్పుడూ కొన్ని బిళ్ళలు చెక్కలోనే ఉంటాయి. అందుచేత మోటారుకు విరామం దొరకదు. వెడల్పు పలకకు ఒక్కసారి లోతుగా కోయక, రెండు మూడు సార్లుగా కోయడం మంచిది. బెల్టు వదులుగా ఉంటే బిగించాలి.

వోల్టేజీ మరొక ముఖ్య కారణం. మోటారు తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని అనుసరించి తగ్గుతుంది. 230 వోల్టులు రావలసినచోట 200 వస్తే బలం సుమారు నాలుగింట మూడు వంతులే మిగులుతుంది. ఇంటి నుంచి దుకాణానికి సన్నని తీగ దూరంగా లాగితే ఈ నష్టం పెరుగుతుంది. 1902లో శివనసముద్రం నుంచి సుమారు 147 కిలోమీటర్ల దూరాన ఉన్న కోలారు బంగారు గనులకు విద్యుత్తు తెచ్చినవారు అధిక వోల్టేజీని ఆశ్రయించింది దారిలో ఇటువంటి నష్టాన్ని తగ్గించడానికే. దుకాణంలో ఆ వీలు లేదు కనుక లావు తీగ వాడాలి.

అదురు, వేడి కనిపిస్తే

యంత్రం అదిరితే ఒక నిలువు బద్ద ఆనించి రెండు పుల్లీలు ఒకే వరుసలో ఉన్నవో లేవో చూడాలి. సుత్తితో కొట్టి ఎక్కించిన బేరింగు త్వరగా వేడెక్కి అరుస్తుంది; దానిని మార్చడమే మార్గం. ఒక్క బిళ్ళ లేకపోయినా యంత్రాన్ని నడపరాదు.

అన్నీ సరిచూసి, పనిముట్లు తీసివేసి, కప్పు బిగించిన తరువాత మొదట చెక్క పెట్టకుండా కొన్ని నిమిషాలు నడపాలి. పిదప పనికిరాని మెత్తని చెక్కను అర మిల్లీమీటరు లోతుతో పంపి చూడాలి. మంచి చెక్క చివరికి. పాత ఇంటి దూలాలలో మేకులు దాగి ఉంటాయి. ఒక్క మేకు చాలు, కార్బైడ్ బిళ్ళలు విరగడానికి.

ఒకసారికి ఒక్క మార్పే చేసి ఫలితం చూడాలి. రెండు మూడు కలిపి మారిస్తే దోషం ఎక్కడ ఉన్నదో తెలియదు. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినా, ఆ వర్క్‌షాపులలో పనిచేసిన ఫిట్టరు ఎవరైనా ఊరిలో ఉంటే, కొలతలు చూసేటప్పుడు ఆయనను పక్కన కూర్చోబెట్టుకోవడం మంచిది. కొత్త హెడ్‌ను వెనక్కు పంపే ముందు ఒక పూట కొలతలకు వెచ్చిస్తే చెక్కా దక్కుతుంది, డబ్బూ దక్కుతుంది, వేళ్ళూ దక్కుతాయి.