చట్టం 55 అంటుంది, వెన్ను 6 అంటుంది

మన దేశంలో మామూలు సిమెంటు బస్తా 50 కిలోలు. భవన నిర్మాణ కార్మికుల చట్టం కింద 1998లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, ఇంకొకరి సాయమో యంత్రమో లేకుండా మగ కూలీ ఎత్తదగిన బరువు 55 కిలోలు, ఆడ కూలీ ఎత్తదగినది 30. అంటే బస్తా 5 కిలోల తేడాతో చట్టం లోపలే ఉంది. నెత్తిన పది ఇటుకలు పెట్టుకుని మెట్లెక్కే ఆడమనిషి సంగతీ అంతే. ఇటుక మూడు కిలోలు అనుకుంటే సరిగ్గా 30. కాగితం మీద ఎవరి తప్పూ లేదు.

ఇంకో లెక్క ఉంది. అమెరికాలో కార్మికుల ఆరోగ్యంపై పరిశోధనలు చేసే ప్రభుత్వ సంస్థ నయోష్ 1991లో సవరించిన సూత్రం అది. ఎత్తడానికి అన్నీ అనుకూలంగా ఉంటే, అంటే బరువు ఒంటికి ఆనుకుని, నడుం ఎత్తున, మంచి పట్టుతో దొరికితే 23 కిలోలు ఎత్తవచ్చంటుంది. అనుకూలత తగ్గేకొద్దీ అంకె కరుగుతుంది. చీలమండల నుంచి చేతులు 40 సెంటీమీటర్లు ముందుకు చాచాల్సి వస్తే 23 కాస్తా 14.4. నేలకు 15 సెంటీమీటర్ల ఎత్తులో వంగి పట్టుకోవాలి, 11.8. అక్కడి నుంచి 125 సెంటీమీటర్లు లేపి భుజానికి ఎక్కించుకోవాలి, 10.1. పక్కకు 45 డిగ్రీలు తిరగాలి, 8.6. బస్తాకు పిడి ఉండదు, 7.8. ఇదే పని అయిదు నిమిషాలకొకసారి చొప్పున ఎనిమిది గంటలు చేస్తే మిగిలేది 6.6 కిలోలు. నిమిషానికొకటి అయితే 5.8.

మోస్తున్నది 50. పైగా ఈ సూత్రం వర్తించాలంటే కాళ్ల కింద నేల గట్టిగా, జారకుండా ఉండాలని షరతు. ఇసుక రాలిన పరంజా పలక మీద ఆ ఆరు కిలోలకూ పూచీ లేదు.

బస్తా వెన్నుకు ఇంత భారం ఎందుకవుతుంది? నడుం దగ్గర కండరాలు వెన్నుపూస కీలుకు సుమారు 5 సెంటీమీటర్ల వెనక నుంచి లాగుతాయి. బస్తా అదే కీలుకు 40 సెంటీమీటర్ల ముందు ఉందనుకోండి, కండరం ఎనిమిది రెట్లు లాగాలి. 50 కిలోలకు 400 కిలోల లాగుడు. మనిషి సొంత మొండెం బరువు ఇంకా కలపలేదు. వెన్నుపూసల మధ్య డిస్కు మీద ఒత్తిడి దాదాపు 350 కిలోలు దాటకూడదని అదే సంస్థ గీసిన గీత. బస్తాను 20 సెంటీమీటర్లకు దగ్గరగా తెచ్చుకుంటే లాగుడు సగమవుతుంది. మోకాళ్లు వంచు, బరువును పొట్టకు హత్తుకో, నడుం కాదు పాదాలు తిప్పు అని చెప్పేది అందుకే. నేల మీద ఇది మంచి సలహా. రెండు పలకల పరంజా మీద పాదాలు తిప్పే చోటేదీ? అక్కడ తప్పు కూలీ భంగిమలో లేదు, బస్తాను అతని భుజం మీదుగా పైకి పంపాలన్న నిర్ణయంలో ఉంది.

జారితే 3 మీటర్ల ఎత్తు నుంచి నేలను తాకడానికి 0.8 సెకను కూడా పట్టదు. వేగం గంటకు 28 కిలోమీటర్లు. 10 మీటర్లయితే 1.4 సెకన్లు, 50 కిలోమీటర్లు. రెండు చేతులూ బస్తాను పట్టుకుని ఉన్నవాడు ఆ కాస్త వ్యవధిలో దేన్నీ పట్టుకోలేడు.

ఇక పని ఒత్తిడి. స్లాబు గుత్తకిచ్చారంటే పని తెల్లవారుజామున మొదలై రాత్రి లైట్ల కింద ముగుస్తుంది. 17 గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడితో సమానంగా పడిపోతుందని ప్రయోగాలు తేల్చాయి. మన దేశంలో బండి నడిపేవాడికి చట్టం పెట్టిన హద్దు 0.03 శాతం. రోడ్డు మీద పట్టుకుని కేసు పెట్టే స్థితిలో ఉన్నవాణ్ని నాలుగో అంతస్తు అంచున నిలబెడుతున్నాం. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి లెక్కగట్టాయి. పోల్చింది వారానికి 35 నుంచి 40 గంటలు చేసేవారితో. రోజుకు తొమ్మిదిన్నర గంటలు, వారానికి ఆరు రోజులు చేస్తే 57.

జారినా సేఫ్టీ బెల్టు కట్టుకున్నాడుగా అంటారు. ఆ బెల్టుకూ కొలతలున్నాయి. తాడు 1.8 మీటర్లు, కుదుపును మింగే పట్టీ విచ్చుకుంటే మరో 1.1, వీపు కొక్కెం నుంచి పాదాల దాకా 1.5, భద్రత కోసం ఇంకో మీటరు. మొత్తం 5.4 మీటర్లు. కొక్కెం పాదాల దగ్గర తగిలించి మొదటి అంతస్తు స్లాబు మీద నిలబడితే కింద ఉండేది 3 మీటర్లే, తాడు బిగిసేలోపే నేల తగులుతుంది. తలపైన గట్టి కడ్డీకి తగిలిస్తే పడే దూరం బాగా తగ్గుతుంది. తక్కువ ఎత్తుల్లో అంచు చుట్టూ గట్టి రెయిలింగే మేలు. బెల్టుకు వేలాడుతున్న మనిషిని నిమిషాల్లో దించాలి. కాళ్లలో రక్తం నిలిచిపోయి అరగంటలోపే ప్రాణం పోవచ్చు. దించేదెవరో, ఎలాగో పని మొదలుకాక ముందే తేల్చుకోవాలి.

బస్తాను సగం చేసి మోయించడం సగం పరిష్కారమే. బరువు 25 అవుతుంది, మెట్లెక్కడం రెట్టింపవుతుంది. సామాను లిఫ్టుతోనో మోటారు గిలకతోనో పైకి పంపాలి. అప్పుడు కూడా అసలు ప్రమాదం పైన అందుకునేవాడిదే, బస్తా కోసం అంచు దాటి వంగుతాడు. రెయిలింగు తీయకుండా, పొడవాటి కొక్కెంతో సామానును లోపలికి లాక్కునే ఏర్పాటు ఉండాలి. కింద ఎవరూ నిలబడకూడదు. 10 మీటర్ల నుంచి జారిన ఇటుక కూడా 50 కిలోమీటర్ల వేగంతోనే దిగుతుంది.

ఇల్లు కట్టించుకునేవారు మేస్త్రీతో కాగితం రాసుకునేటప్పుడు చదరపు అడుగు రేటు ఒక్కటే రాస్తారు. సామాను పైకి ఎలా వెళ్తుందో, దాని అద్దె ఎవరిదో, సాయంత్రం ఎన్నింటికి పని ఆపాలో కూడా ఆ కాగితంలోనే రాయండి. రాయకపోతే ఆ ఖర్చు కూలీ నడుం మీద పడుతుంది.