సాంచాల మోత చెవిని ఏం చేస్తుంది?

సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలు) నడిచే షెడ్డులో పక్కనున్న మనిషి మాట కూడా వినబడదు. బయటికొచ్చాక కాసేపు చెవులు గుయ్యిమంటాయి. ఎందుకు?

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఓ భాగం ఉంది. అందులో సుమారు 15 వేల రోమకణాలుంటాయి. శబ్దం తాకితే వాటి కొసలు వంగుతాయి. ఆ కదలికే విద్యుత్ సంకేతమై మెదడుకు చేరుతుంది. మోత ఎక్కువైతే కణాలు అలసిపోతాయి; చెవులు గుయ్యిమనేది అందుకే. ఏళ్ల తరబడి సాగితే చచ్చిపోతాయి, మళ్లీ పుట్టవు. ముందుగా సన్నని శబ్దాలు పోతాయి: పిట్టల కూత, మాటల్లో స, ష లాంటి అక్షరాలు. నొప్పి ఉండదు కాబట్టి చాలామందికి తెలియనే తెలియదు. నాకు భయం వేసేది అందుకే.

85 డెసిబెల్స్ మోతలో రోజుకు 8 గంటలకు మించి ఉండొద్దంటారు నిపుణులు. మరో 3 డెసిబెల్స్ పెరిగితే ఆ సమయం సగానికి తగ్గాలి. మరమగ్గాల దగ్గర మోత తరచూ 90 దాటుతుంది. చెవుల్లో పెట్టుకునే నురగ బిరడాలు చవకే. పనిచేయించుకునేవాళ్లే వాటిని ఇవ్వాలి. మీ ఇయర్‌ఫోన్ల మోతకూ ఈ డెసిబెల్స్ లెక్కే!

పనితో వచ్చే ముప్పు మోత ఒక్కటే కాదు. జగిత్యాల, కోరుట్లలో బీడీలు చుట్టే అమ్మలకు ఈ మోత లేదు. కానీ తంబాకులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి ఇంకుతుంది. అందుకే అన్నం ముట్టేముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. తంబాకు చాట పసిపిల్లలకు దూరంగా ఉండాలి.