తల్లి రక్తం నెగెటివ్ అయితే... బిడ్డను కాపాడే యాంటీ-డి ఇంజక్షన్

"మొదటి బిడ్డ చక్కగా పుట్టాడు, రెండో బిడ్డకు ఎందుకిలా అయింది డాక్టరమ్మా?" కాన్పుల వార్డులో మేము వినే ప్రశ్న ఇది. పుట్టిన మొదటి రోజునే బిడ్డకు కామెర్లు, రక్తహీనత. తల్లి రక్తం ఆర్.హెచ్. నెగెటివ్, బిడ్డది పాజిటివ్. ఇలాంటప్పుడు కొన్ని ఇళ్ళలో "కోడలి రక్తం మంచిది కాదు" అని నిందిస్తారు. ఇది ఎవరి దోషమూ కాదు. దీనికి నివారణ ఉంది.

ఎందుకు ఇలా జరుగుతుంది?

మన శరీరంలోనికి పరాయి పదార్థం ప్రవేశిస్తే, దానికి అంటుకొని నాశనం చేయించే ప్రోటీన్లు తయారవుతాయి. వీటినే యాంటీబాడీలు అంటారు. ఒక్కొక్క యాంటీబాడీ తనకు సరిపోయే పదార్థాన్నే గుర్తుపడుతుంది.

ఎర్ర రక్తకణాలపై 'డి' అనే పదార్థం ఉన్నవారు పాజిటివ్, లేనివారు నెగెటివ్. మన దేశంలో నూటికి సుమారు 5 మంది నెగెటివ్. తండ్రి పాజిటివ్ అయితే బిడ్డ కూడా పాజిటివ్ కావచ్చు. కాన్పు సమయంలో బిడ్డ రక్తం కొద్దిగా తల్లి రక్తంలో కలుస్తుంది. తల్లి శరీరం దానిని పరాయిదిగా భావించి యాంటీబాడీలు తయారు చేస్తుంది. అప్పటికే మొదటి బిడ్డ పుట్టేసి ఉంటుంది గనుక సాధారణంగా ప్రమాదం ఉండదు. తరువాతి గర్భంలో అవి మాయ గుండా బిడ్డను చేరి ఎర్రకణాలను నాశనం చేస్తాయి. కామెర్లు తీవ్రమైతే మెదడు దెబ్బతినవచ్చు. బిడ్డ గర్భంలోనే చనిపోవచ్చు కూడా.

పరీక్షకూ యాంటీబాడీలే

రక్తం గ్రూపు చూసేటప్పుడు ల్యాబ్‌లో రక్తపు చుక్కకు యాంటీ-డి ద్రవం కలుపుతారు. కణాలు ముద్దలు కడితే పాజిటివ్. నెగెటివ్ తల్లికి కూంబ్స్ పరీక్ష కూడా చేస్తారు. 1945లో ఇంగ్లాండులో కూంబ్స్, ఆయన సహచరులు ప్రకటించిన పరీక్ష ఇది. తల్లి రక్తంలో యాంటీబాడీలు ఇప్పటికే ఏర్పడ్డాయా అన్నది దీనివల్ల తెలుస్తుంది.

నివారణకూ యాంటీబాడీలే

అదే యాంటీ-డిని సకాలంలో ఇంజక్షన్‌గా ఇస్తే, తల్లి శరీరం సొంతంగా యాంటీబాడీలు తయారు చేసుకోదు. 1968 నుండి ఇది వాడుకలో ఉంది. దీనిని దాతల రక్తంలోని ప్లాస్మా నుండి తయారు చేస్తారు. ఆస్ట్రేలియాకు చెందిన జేమ్స్ హారిసన్ ఇందుకోసం 1,100కు పైగా సార్లు ప్లాస్మా దానం చేశారు. 2018లో, తన 81వ ఏట ఆపారు. 2025లో మరణించారు.

మీరు చేయవలసినవి

1. గర్భం నిలిచిన వెంటనే రక్తం గ్రూపు పరీక్ష చేయించుకోండి. నెగెటివ్ అయితే భర్త గ్రూపు కూడా చూపించండి.

2. యాంటీబాడీలు లేకపోతే 28 వారాలకు, అంటే 7వ నెలలో, డాక్టరు సలహాపై ఇంజక్షన్ వేయించుకోండి.

3. బిడ్డ పాజిటివ్ అయితే కాన్పు అయిన 72 గంటలలోపు మళ్ళీ వేయించుకోవాలి. గడువు దాటిందని ఊరుకోకండి, వెంటనే వచ్చి అడగండి.

4. గర్భస్రావం, అబార్షన్, ట్యూబులో గర్భం, రక్తస్రావం, కడుపుకు దెబ్బ – వీటిలో ఏది జరిగినా డాక్టరుకు చెప్పండి. "బిడ్డ నిలవలేదు కదా, ఇంజక్షన్ ఎందుకు?" అనుకోవద్దు. అది రాబోయే బిడ్డ కోసం.

యాంటీబాడీలు ముందే ఏర్పడితే ఈ ఇంజక్షన్ పనిచేయదు. అప్పుడు కూడా నిరాశపడనక్కరలేదు. స్కానింగులతో బిడ్డను గమనిస్తూ, అవసరమైతే పెద్ద ఆసుపత్రులలో గర్భంలోనే బిడ్డకు రక్తం ఎక్కిస్తారు.

మీ ఇంట్లో గర్భిణి ఉంటే ఆమె రక్తం గ్రూపు ఏమిటో ఈ రోజే అడిగి తెలుసుకోండి.