బ్లెండ్ అంటే కల్తీయేనా? నంది కొండల ఎర్ర వైన్ వెనుక లెక్క

'కలిపినది' అనగానే మనకు పాలలో నీళ్లు గుర్తొస్తాయి. అందుకే వైన్ సీసా మీద 'బ్లెండ్' అని కనిపిస్తే, ఒకే రకం ద్రాక్షతో చేసినదానికన్నా తక్కువదేమో అనే అనుమానం వస్తుంది. కర్ణాటకలో తెలుగు బాగా వినిపించే చిక్కబళ్లాపురం, దొడ్డబళ్లాపురం ప్రాంతపు వైన్ ఒకటి చూస్తే ఈ అనుమానం తీరుతుంది.

నంది కొండల దిగువన కన్వల్ గ్రోవర్ 1988లో వైన్ సంస్థ స్థాపించారు. 2012లో జరిగిన విలీనంతో అది గ్రోవర్ జంపాగా మారింది. ఆ సంస్థకు బాగా పేరు తెచ్చిన ఎర్ర వైన్ 'లా రిజర్వ్'. అందులో ఉన్నవి కబెర్నే సావిన్యాన్, షిరాజ్ అనే రెండు ఫ్రెంచ్ ద్రాక్ష రకాలు.

రెండు రకాలు ఎందుకు?

వైన్ ద్రాక్ష మనం తినే అనాబ్-ఎ-షాహీ లాంటిది కాదు. పండు చిన్నది, తోలు మందం. ఎర్ర వైన్‌కు రంగు తోలు నుంచి, వగరు తోలు, గింజల నుంచి వస్తాయి.

ఐరోపాలో తీగ చలికాలమంతా నిద్రపోతుంది. దక్కన్‌లో ఆ నిద్ర లేదు. అందుకే రైతులు ఏటా రెండుసార్లు కత్తిరింపు చేస్తారు. వేసవిలో చేసేది కొమ్మ కోసం, వానలు తగ్గాక చేసేది కాపు కోసం. దాంతో పండు వేసవి ముంగిట్లో పక్వానికి వస్తుంది. ఎండ ముదిరితే పండులో తీపి త్వరగా పెరుగుతుంది, పులుపు పడిపోతుంది. వగరు మాత్రం అంత త్వరగా మెత్తబడదు.

కబెర్నే ఆలస్యంగా పండుతుంది. వైన్‌కు గట్టి వగరు, నిల్వ ఉండే శక్తి ఇస్తుంది. షిరాజ్ ముందే పండుతుంది. ముదురు రంగు, నిండైన రుచితో పాటు మిరియాల వాసన తెస్తుంది. మన మిరియాలకు ఆ వాసననిచ్చే రోటండోన్ అనే పదార్థమే షిరాజ్‌లోనూ ఉంటుంది. ఒకదాని లోటును మరొకటి పూడుస్తుంది.

సాధారణంగా రెండింటినీ విడివిడిగా పులియబెడతారు. తర్వాత కొద్దికొద్దిగా వేర్వేరు పాళ్లలో కలిపి, రుచి చూసి, నిష్పత్తి తేలుస్తారు. ఎండ, వాన ఏటా ఒకేలా ఉండవు కాబట్టి ఒక రకం దెబ్బతిన్న ఏడాది రెండోది ఆదుకుంటుంది. కొత్త ప్రాంతంలో తోట పెట్టినవారికి ఇది పెద్ద ధీమా.

పాత పద్ధతే

బోర్డోలో కబెర్నే, మెర్లో కలపడం ఆనవాయితీ. 19వ శతాబ్దంలో అక్కడి వ్యాపారులు బలం కోసం రోన్ లోయ షిరాజ్‌ను కూడా కలిపేవారు. కబెర్నే-షిరాజ్ జోడీని ఆస్ట్రేలియా తన సొంతం చేసుకుంది. మహారాష్ట్రలోని అక్లూజ్‌లో ఫ్రతెల్లి సంస్థ చేసే 'సెత్తె'లో కబెర్నేకు ఇటలీ రకం సాంజొవేసె తోడైంది.

అసలు 'ఒకే రకం' అన్న మాట కూడా నూటికి నూరుపాళ్లు కాదు. లేబుల్ మీద ఒక్క ద్రాక్ష పేరే వేయాలంటే ఐరోపా యూనియన్‌లో ఆ రకం 85 శాతం, అమెరికాలో సాధారణంగా 75 శాతం ఉంటే చాలు.

కాబట్టి ధర చెల్లించే ముందు చూడాల్సింది 'బ్లెండ్' అన్న మాటను కాదు. ఏ రకాలు, ఏ ప్రాంతం, ఏ ఏటి పంట అన్న వివరాలు లేబుల్ మీద ఉన్నాయా అని చూడాలి. అవి దాచిన సీసానే అనుమానించాలి.