కిట్ లేకుండా స్పిట్‌ఫైర్

1940 వేసవిలో ఇంగ్లండ్ దక్షిణ తీరాన, డోర్సెట్‌లోని వార్మ్‌వెల్ స్థావరం నుంచి జర్మన్ విమానాలను ఎదుర్కోవడానికి ఎగిరిన స్పిట్‌ఫైర్లకు హైదరాబాద్ పేరుంది. రాయల్ ఎయిర్‌ఫోర్స్ 152వ స్క్వాడ్రన్ అధికారిక నామంలోనే ‘హైదరాబాద్’ ఉండేది. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఆర్థిక సాయానికి గుర్తుగా పెట్టిన పేరది. స్క్వాడ్రన్ చిహ్నం మీద ఉన్నది నిజాం తలపాగా. పాతకాలపు యుద్ధవిమానం నమూనాను కిట్ కొనకుండా, ప్రతి ముక్కా సొంతంగా కోసుకుని చేయాలనుకునే తెలుగువారికి ఇంతకంటే దగ్గరి విమానం దొరకదని నా నమ్మకం.

ఇలా చేయడం అసాధారణ విద్యేమీ కాదు. ఎయిర్‌ఫిక్స్ సంస్థ తన మొదటి విమానం కిట్‌ను, అదీ స్పిట్‌ఫైర్‌నే, 1953లో అమ్మకానికి పెట్టింది. అంతకుముందు తరం పిల్లల్లో చాలామంది చెక్క చెక్కి విమానాలు చేసుకున్నవాళ్లే. శత్రు విమానాన్ని ఆకారం చూసి గుర్తుపట్టే శిక్షణ కోసం 1942లో అమెరికా నౌకాదళం ఏకంగా 5 లక్షల నమూనాలు కావాలని అక్కడి బడి పిల్లలను అడిగింది. అసలు విమానంలో 72వ వంతు కొలతతో వాళ్లు చేసిపెట్టారు.

పని మొదలయ్యేది కత్తితో కాదు, ఒక నిర్ణయంతో. స్పిట్‌ఫైర్లు అన్ని రకాలూ కలిపి 20 వేలకు పైగా తయారయ్యాయి. రకం రకానికీ ముక్కు, తోక, రెక్క కొసలు మారుతూ వచ్చాయి. అందుకే ఏ రకం, ఏ స్క్వాడ్రన్‌ది, ఏ నెలలో ఎలా ఉన్నది అన్నది ముందే తేల్చుకోవాలి. ఢిల్లీ పాలంలోని వైమానిక దళ మ్యూజియంలో ఒక స్పిట్‌ఫైర్ ఉంది కానీ అది తర్వాతి కాలపు రకం. దాని ఫొటోలు చూసి 1940 నాటి మొదటి రకం ముక్కు చెక్కితే తప్పు వస్తుంది. మొదటి రకం చూడాలంటే లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియంలో వేలాడుతున్న ఆర్6915 నంబరు విమానం ఫొటోలు మేలు. 1940 నాటి ఆ యుద్ధంలో ఎగిరిన విమానమే అది.

ఇక లెక్క. అసలు విమానం రెక్కల కొస నుంచి కొసకు 11.23 మీటర్లు, పొడవు 9.12 మీటర్లు. 24వ వంతుకు కుదిస్తే రెక్కల వెడల్పు 468 మిల్లీమీటర్లు, పొడవు 380 మిల్లీమీటర్లు వస్తుంది. మామూలు బల్ల మీద పట్టే సైజు, వేళ్లకు పనిచేసే చోటూ ఉంటుంది. పుస్తకాల్లో దొరికే డ్రాయింగును ఆ సైజుకు జిరాక్స్ తీయించాక నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి స్కేలు పెట్టి చూడాలి. యంత్రం ఒకవైపు సాగదీయడం మామూలే. డ్రాయింగులు గీసినవారి మధ్యా తేడాలుంటాయి. రెండు డ్రాయింగులు పోట్లాడుకుంటే తీర్పు ఫొటోదే.

స్పిట్‌ఫైర్ అందమంతా రెక్కలో ఉంది, కష్టమూ అక్కడే ఉంది. దీని రూపకర్త ఆర్.జె. మిచెల్ బృందం ఈ రెక్కను దీర్ఘవృత్తాకారంలో గీయడానికి కారణం సోకు కాదు. వేగం కావాలంటే రెక్క పల్చగా ఉండాలి. అదే పల్చటి రెక్కలో ముడుచుకునే చక్రాలు, ఎనిమిది మెషిన్ గన్లు పట్టాలి. మందం పెంచకుండా చోటు కావాలంటే వెడల్పు పెంచాలి. దీర్ఘవృత్తంలో మొదలు దగ్గరి వెడల్పు చాలా దూరం వరకు పెద్దగా తగ్గదు, చివర్లో గబుక్కున ముగుస్తుంది. మన నమూనాలో మొదలు దగ్గర రెక్క వెడల్పు సుమారు 106 మిల్లీమీటర్లు, మందం అందులో 13 శాతం, అంటే 14 మిల్లీమీటర్ల లోపు. కొసకు పోయేకొద్దీ ఇంకా పల్చన.

పైనుంచి చూస్తే కనిపించని విషయం ఇంకొకటుంది. రెక్క మొదలు దగ్గర ముందు అంచు 2 డిగ్రీలు పైకి లేచి ఉంటుంది, కొస దగ్గర అర డిగ్రీ కిందికి వాలి ఉంటుంది. అంటే రెక్క మొత్తం మెలి తిరిగి ఉందన్నమాట. మలుపులో విమానం పట్టు తప్పబోతున్నప్పుడు రెక్క మొదలు ముందుగా గాలి పట్టు వదులుతుంది, కొసలు ఇంకా పనిచేస్తుంటాయి. ఆ తేడా వల్ల పుట్టే అదురు పైలట్‌కు ముందస్తు హెచ్చరిక. మన కొలతలో, కొసకు దగ్గరగా రెక్క 60 మిల్లీమీటర్ల వెడల్పున్న చోట ఈ మెలిక 2 మిల్లీమీటర్లే. కానీ అది లేని రెక్క చదునుగా, చచ్చుగా కనిపిస్తుంది. ఎందుకో చూసేవారు చెప్పలేరు, తేడా మాత్రం పసిగడతారు.

దీన్ని తెచ్చే మార్గం తేలికే. ప్లాస్టిక్ షీటులో రెక్క అడ్డకోత ఆకారపు ముక్కలు, అంటే రిబ్బులు, కోసి, ఒక అడ్డదూలానికి గుచ్చి, చదునైన పలక మీద పెట్టాలి. వెనుక అంచు కింద ఒక సన్నటి చీలికను, మొదలు దగ్గర సున్నా నుంచి కొసవైపు 2 మిల్లీమీటర్ల దాకా మందం పెరిగేలా, దూర్చాలి. ఆ స్థితిలోనే రిబ్బులను అతికించి, పైన పల్చటి షీటు కప్పితే మెలిక శాశ్వతంగా ఉండిపోతుంది. తర్వాత ఎడమ, కుడి రెక్కలను శరీరానికి 6 డిగ్రీలు పైకి లేపి బిగించాలి. కొసలు 2 సెంటీమీటర్లకు పైగా లేస్తాయి.

శరీరానికి వేరే పద్ధతి. ముందు చెక్కతో కుడి సగం ఒకటి, ఎడమ సగం ఒకటి అచ్చులుగా చెక్కాలి. బాల్సా దొరక్కపోతే బెంగ అక్కర్లేదు. కొండపల్లి, నిర్మల్ బొమ్మలవాళ్లు వాడే పొణికి కర్ర తేలికైనది, మెత్తనిది, కత్తికి చక్కగా లొంగుతుంది. డ్రాయింగులోని అడ్డకోతలను అట్టముక్కల్లో కత్తిరించి, అచ్చు మీద ఆనించి చూస్తూ గరుకు కాగితంతో సరిచేయాలి. అచ్చు మీద సాగదీసే ప్లాస్టిక్ షీటు మందం ఒక మిల్లీమీటరు అయితే అచ్చును చుట్టూ అంతే చిన్నగా చెక్కాలి. ఈ తగ్గింపు మరిస్తే విమానం లావెక్కుతుంది. ఒక ప్లైవుడ్ పలకలో శరీరం రూపురేఖకంటే కాస్త పెద్ద రంధ్రం కోసి, దాని మీద పాలిస్టైరీన్ షీటు బిగించి వేడి చేయాలి. అది 100 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. జారుతున్నట్టు అనిపించగానే అచ్చును రంధ్రంలోకి ఒక్క ఊపున నొక్కాలి. కిటికీలు తెరిచి, గాలి ఆడేచోట చేయండి, పిల్లలను దగ్గరికి రానివ్వకండి. పైలట్ నెత్తిమీది పారదర్శక కప్పునూ ఇదే పద్ధతిలో స్పష్టమైన షీటుతో తీయవచ్చు.

శరీరం, రెక్క కలిసేచోట ఉన్న పెద్ద వంపును పుట్టీతో నింపి, గుండ్రటి కర్రకు చుట్టిన గరుకు కాగితంతో తీర్చాలి. రెక్కల అడుగు భాగం రెండు వైపులా ఒకేలా ఉంటుందనుకోవద్దు. మొదటి రకంలో కుడి రెక్క కింద పెట్టెలాంటి రేడియేటర్, ఎడమ రెక్క కింద సన్నటి ఆయిల్ కూలర్ ఉంటాయి.

రివెట్ల సంగతి వచ్చేసరికి చాలామంది ఉత్సాహం హద్దు దాటుతుంది. రివెట్ తలలను చదును చేస్తే వేగం ఎంత పెరుగుతుందో తేల్చడానికి స్పిట్‌ఫైర్‌ను తయారుచేసిన సూపర్‌మెరైన్ సంస్థ నున్నటి విమానం మీద రివెట్ రివెట్‌కీ ఎండు బఠాణీ బద్ద అతికించి ఎగరేసింది. వేగం గంటకు 22 మైళ్ల మేర తగ్గిపోయింది. తర్వాత ఒక్కో భాగంలో బద్దలు గీకేస్తూ, ఎక్కడ చదును అవసరమో, ఎక్కడ గుండ్రటి తల ఉన్నా నష్టం లేదో కొలిచారు. అందుకే రెక్క నున్నగా, శరీరం వెనుక భాగం గుండ్రటి రివెట్లతో తయారైంది. ఐదు మిల్లీమీటర్ల రివెట్ తల 24వ వంతులో 0.2 మిల్లీమీటరు. రెక్క మీద సూదితో గుచ్చిన గుంతల వరసలు చేస్తే ఆ ఇంజనీర్ల శ్రమను మనం చెరిపేసినట్టే.

రంగులోనూ తేదీదే పెత్తనం. పైన ముదురు మట్టిరంగు, ముదురు ఆకుపచ్చ. అడుగున 1940 జూన్ నుంచి ‘స్కై’ అనే లేత పచ్చ ఛాయ, అంతకుముందు సగం నలుపు, సగం తెలుపు. మీద వేసే మచ్చల నమూనా రెండు రకాలు, ఒకటి మరొకదానికి అద్దంలో ప్రతిబింబం. మీరు ఎంచుకున్న విమానానిది ఏదో ఫొటో చూసి నిర్ధారించుకున్నాకే పక్కన 152వ స్క్వాడ్రన్ అక్షరాలు ‘యూఎం’ రాయండి.

మొదటిసారి చేసేవారు పైలట్ గదిలోని గడియారాలతో, సీటు బెల్టులతో మొదలుపెట్టకండి. అవి ముచ్చటగా ఉంటాయి, నెలలు తినేస్తాయి, ఆకారం తప్పితే దేనికీ పనికిరావు. ముందు ఒక్క రెక్క చేయండి. దాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, కొసవైపు నుంచి మొదలు దాకా చూపు సారించి, మెలిక సమంగా వచ్చిందో లేదో చూడండి. రాకపోతే ఆ రెక్క పక్కన పెట్టి ఇంకొకటి చేయండి. ఖర్చయ్యేది ఒక ప్లాస్టిక్ షీటే.