యూనిట్ 6: సరఫరా గొలుసు, సరుకు నిల్వల నిర్వహణలో సాంకేతికత, ఆటోమేషన్

6.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
• సరుకు స్వభావాన్ని బట్టి నిల్వ విధానం ఎందుకు మారుతుందో వివరించగలుగుతారు.
• పునఃఆర్డరు స్థాయిని లెక్కించగలుగుతారు.
• కంప్యూటరు లెక్కకూ అసలు సరుకుకూ తేడా ఎక్కడ వస్తుందో గుర్తించగలుగుతారు.

6.1 పరిచయం

ఉత్పత్తిదారు నుంచి వినియోగదారు వరకు సరుకు, సమాచారం, డబ్బు ప్రయాణించే మార్గాన్ని సరఫరా గొలుసు అంటారు. ఆ మార్గంలో ఎక్కడ ఎంత సరుకు ఉంచాలి, ఎప్పుడు తెప్పించాలి అని నిర్ణయించడమే నిల్వల నిర్వహణ. ఒకప్పుడు ఈ లెక్కలు చిట్టా పుస్తకంలోనూ గుమాస్తా జ్ఞాపకంలోనూ ఉండేవి. ఇప్పుడు బార్‌కోడ్, జీపీఎస్, ఎలక్ట్రానిక్ కాటా, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఆ పని చేస్తున్నాయి.

6.2 సరుకు స్వభావం – నిల్వ విధానం

కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పెరిగిన శీలావతి, బొచ్చె చేపలను ఐసు వేసి లారీల్లో సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలోని కోల్‌కతా వైపు పంపుతారు. ఈ సరుకుకు లారీయే గోదాము. అందువల్ల ఇక్కడ జీపీఎస్ విలువ కాలాన్ని ఆదా చేయడంలో ఉంది. లారీ ఎక్కడ ఆగిందో తెలిస్తే అవతలి వ్యాపారి దించే ఏర్పాట్లు ముందే చేసుకుంటాడు.

తాడేపల్లిగూడెం మార్కెట్‌కు కర్నూలు నుంచి, మహారాష్ట్ర నుంచి వచ్చే ఉల్లి కొన్నాళ్లు ఆగుతుంది. కాని తేమ ఆరి తూకం తగ్గుతుంది, కొంత కుళ్లుతుంది. తెరపై 100 బస్తాలు కనిపించినా బరువు మొదటి రోజు బరువు కాదు. బియ్యం నెలల తరబడి నిలుస్తుంది. అక్కడ ముందు వచ్చిన సరుకును ముందు పంపడం ముఖ్యం.

6.3 పునఃఆర్డరు స్థాయి

పునఃఆర్డరు స్థాయి = (రోజువారీ అమ్మకం × సరుకు రావడానికి పట్టే రోజులు) + భద్రతా నిల్వ

ఉదాహరణ: కైకలూరులోని ఒక రొయ్యల మేత దుకాణంలో రోజుకు 40 బస్తాలు అమ్ముడవుతున్నాయనుకుందాం. ఆర్డరు చేసిన 3 రోజులకు సరుకు వస్తుంది. భద్రతా నిల్వ 60 బస్తాలు. అప్పుడు పునఃఆర్డరు స్థాయి (40 × 3) + 60 = 180 బస్తాలు. నిల్వ 180కి దిగగానే సాఫ్ట్‌వేర్ తనంతట తానే ఆర్డరు పంపుతుంది.

ఇంతలో చెరువులకు తెల్లమచ్చ వ్యాధి సోకి, రైతులు ముందుగానే పట్టుబడి చేశారనుకుందాం. అమ్మకం రోజుకు 10 బస్తాలకు పడిపోతుంది. భద్రతా నిల్వను మార్చకపోయినా ఇప్పుడు కావలసిన స్థాయి (10 × 3) + 60 = 90 మాత్రమే. పాత సగటునే నమ్మిన యంత్రం 180 దగ్గరే ఆర్డరు పెడుతుంది. ఉన్న నిల్వే 18 రోజులకు సరిపోతుంది. కొత్త లోడు చెమ్మకు బూజు పడుతుంది, పెట్టుబడి ఇరుక్కుపోతుంది. గట్ల మీద తిరిగే మనిషి తెచ్చే కబురు యంత్రానికి చేరాలి.

6.4 మొదటి నమోదు

ఆంధ్రప్రదేశ్ రేషన్ దుకాణాల్లో ఈ-పాస్ యంత్రాలకు ఎలక్ట్రానిక్ కాటాను జతచేశారు. దీనివల్ల తూకం చేతితో రాసే అంకెగా కాక, కాటా నుంచే నేరుగా నమోదవుతుంది.

ఎగుమతి రొయ్యల విషయంలో ఇది మరింత కీలకం. అమెరికా 2018 డిసెంబరు 31 నుంచి దిగుమతి రొయ్యలకు పెంపకం మొదలుకొని వివరాల రికార్డులు అడుగుతోంది. లాట్ నంబరు ఉంటే, యాంటీబయాటిక్ అవశేషాలు బయటపడినప్పుడు ఆ లాట్ వరకే సరుకు ఆపవచ్చు. లేకపోతే సరుకంతా అనుమానంలో పడుతుంది. ఏ తప్పూ చేయని రైతు కూడా నష్టపోతాడు. రెండు చెరువుల రొయ్యలను ఒకే టబ్బులో కలిపేస్తే, తరువాత ఏ కంప్యూటరూ వాటిని వేరుచేయలేదు.

6.5 సారాంశం

ఆటోమేషన్ లెక్కను వేగవంతం చేస్తుంది, దూరాన ఉన్న సరుకును కళ్లముందుంచుతుంది. అయితే చెరువు గట్టు మీద, కాటా దగ్గర జరిగే మొదటి నమోదు తప్పయితే, ఆ తప్పు కూడా అంతే వేగంగా గొలుసు చివరిదాకా పాకుతుంది. దాని భారం తరచుగా చిన్న రైతు మీద, చిన్న దుకాణదారు మీద పడుతుంది.

6.6 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. రోజువారీ అమ్మకం 25 బస్తాలు, సరుకు రావడానికి 4 రోజులు, భద్రతా నిల్వ 30 బస్తాలు అయితే పునఃఆర్డరు స్థాయి ఎంత? (జవాబు: 130 బస్తాలు)
2. చేపలు, ఉల్లి, బియ్యం నిల్వ విధానాల్లోని తేడాలను వివరించండి.
3. మీ ఊరి దుకాణంలో ఒక సరుకును ఎంచుకుని, దాని మొదటి నమోదు ఎవరు, ఎలా చేస్తున్నారో పరిశీలించి రాయండి.